ఒరెగాన్‌లో గీసిన నాలుగు గీతలు: గవర్నర్ టామ్ మెకాల్ పర్యావరణ పాలన

అమెరికాలో గవర్నర్ అంటే మన రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ కాదు. జనం ఓట్లతో గెలిచి, బడ్జెట్ తయారుచేసి, శాఖలను నడిపి, శాసనసభ పంపిన బిల్లు మీద సంతకం పెట్టాలో వీటో చేయాలో తేల్చే మనిషి. మన లెక్కలో ముఖ్యమంత్రికి దగ్గర. అయితే ముఖ్యమంత్రికి సభలో మెజారిటీ ఉండి తీరుతుంది, అక్కడి గవర్నర్‌కు ఆ భరోసా లేదు. సొంత పార్టీ వాళ్ళే ఆయన బిల్లును కమిటీలో తొక్కిపట్టవచ్చు. అందువల్ల ఒక గవర్నర్ పర్యావరణానికి ఏం చేశాడో తూచాలంటే ప్రసంగాలు, నాటించిన మొక్కలు లెక్కపెడితే చాలదు. ఆయన పదవి దిగాక కూడా పనిచేసే ఏర్పాటు ఏది మిగిలింది, దానికి కాపలా ఎవరు, ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది అన్నవి చూడాలి.

ఆ తూకానికి నిలిచే పేర్లలో ముందు చెప్పుకోవలసింది టామ్ మెకాల్. విలేకరిగా, టీవీ వ్యాఖ్యాతగా పనిచేసి రాజకీయాల్లోకి వచ్చిన రిపబ్లికన్. 1967 జనవరి నుంచి 1975 జనవరి దాకా రెండు విడతలు అమెరికా పడమటి తీరంలోని ఒరెగాన్ రాష్ట్రానికి గవర్నర్. ఆయన హయాంలో తీరానికి, నదికి, చెత్తకు, భూమికి జరిగిన పనులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. ప్రతిదానిలోనూ ఒక గీత ఉంది, ఆ గీతకు ఒక అంకె ఉంది. సముద్రతీరంలో 16 అడుగులు. నదిలో లీటరు నీటికి 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్. సీసాకు 5 సెంట్లు. ఊరి చుట్టూ 20 ఏళ్ళకు సరిపడే భూమి. అంకె ఉన్న గీతను ఇన్‌స్పెక్టర్ కొలవగలడు, కోర్టులో చూపించగలడు. ఈ నాలుగింటిలో కొన్ని నిలిచాయి, కొన్ని అరిగాయి. ఎందుకు నిలిచాయో, ఎందుకు అరిగాయో తెలిస్తే ఏ రాష్ట్రానికైనా పనికొస్తుంది.

తడి ఇసుక, పొడి ఇసుక

ఒరెగాన్ తీరం 362 మైళ్ళు, అంటే సుమారు 580 కిలోమీటర్లు. 1913లో ఆస్వాల్డ్ వెస్ట్ గవర్నర్‌గా ఉండగా ఆ తీరాన్ని ప్రజా రహదారిగా ప్రకటిస్తూ చట్టం వచ్చింది. అప్పట్లో తీరం వెంట సరైన రోడ్డు లేక బండ్లు ఇసుక మీదే నడిచేవి. కానీ ఆ చట్టం తడి ఇసుకకే వర్తించింది, అంటే పోటు నీళ్ళు చేరేంత వరకే. ఆ పైన గడ్డి, పొదలు మొదలయ్యేదాకా పరుచుకున్న పొడి ఇసుక ఎవరిదో అందులో లేదు. జనం కూర్చునేది, పిల్లలు ఆడుకునేది అక్కడే. యాభై ఏళ్ళ పాటు అది అందరిదే అని అందరూ నమ్మారు. 1966లో కెనన్ బీచ్ అనే ఊళ్ళో ఒక మోటెల్ తన ముందున్న పొడి ఇసుకను కంచెతో వేరుచేసి, తన అతిథులకే అంది. చట్టంలోని ఖాళీ అప్పుడు బయటపడింది.

దాన్ని పూడ్చడానికి తెచ్చిన బిల్లు 1967లో కమిటీలోనే ఆగింది. తీరంలో స్థలాలున్న వాళ్ళ ఒత్తిడి ఒక కారణం. ఇంకో కారణం న్యాయమైనదే. మొక్కలు మొదలయ్యే చోటు వరకు ప్రజాహక్కు అంటే, ఆ చోటు ఏడాదికోసారి మారుతుంది. ఒక ఏడు గడ్డి ముందుకు పాకుతుంది, మరో ఏడు చలికాలపు తుపాను దాన్ని ఊడ్చేస్తుంది. తన పట్టా ఎక్కడ ఆగుతుందో యజమానికి తెలియదు. మెకాల్ ముందుగా కమిటీకి రాసిన లేఖను బయటపెట్టి గొడవను జనంలోకి తెచ్చాడు. ఉత్తరాలు, ఫోన్లు వెల్లువెత్తాయి. మే 13న సర్వేయర్లను, శాస్త్రవేత్తలను హెలికాప్టర్లలో వెంటబెట్టుకుని తీరంలో దిగాడు. సముద్రమట్టం నుంచి 16 అడుగుల ఎత్తు గీస్తే మొక్కల అంచుకు ఇంచుమించు సరిపోతుందని వాళ్ళు తేల్చారు. విలేకరుల ముందు ఆ గీతను ఇసుక మీదే చూపించాడు. చేతులు చాచి ఊహించుకోవలసిన హద్దు కాస్తా సర్వే పరికరంతో కొలిచే హద్దు అయింది. జులై 6న చట్టం మీద సంతకం పడింది. 1969లో తీరమంతా సర్వే చేసి ఆ రేఖను చట్టంలోకే ఎక్కించారు.

అదే ఏడాది మోటెల్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకా గట్టి పని చేసింది. చాలాకాలం వాడుకలో ఉన్న దారి హక్కు అన్న వాదనతో తీర్పు ఇచ్చి ఉంటే ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో కేసు వేయవలసి వచ్చేది. కోర్టు ఆచారం అనే పాత ఇంగ్లీషు న్యాయసూత్రాన్ని పట్టుకుంది. ఒకే రకమైన భూమిని ఒకే తీరున తరతరాలుగా అందరూ వాడుకుంటున్నారు కనుక ఆ హక్కు ఒక్క ముక్కకు కాక పొడి ఇసుకంతటికీ చెల్లుతుందన్నారు.

ఈ గీతకు ఉన్న లోపం సముద్రానిది. గీత కదలదు, అల కదులుతుంది. ఇంటి ముందు ఒడ్డు కోసుకుపోతుంటే యజమాని రాళ్ళు పోసి గోడ కడతానంటాడు. గోడకు కొట్టుకుని వెనక్కి మళ్ళిన అల గోడ ముందున్న ఇసుకనే లాక్కుపోతుంది. ఇల్లు మిగులుతుంది, బీచ్ సన్నబడుతుంది. అందుకే తర్వాత వచ్చిన తీర నిబంధనల్లో 1977 జనవరి 1 నాటికి కట్టడం ఉన్న స్థలానికే రాళ్ళ గోడకు అనుమతి అని రాశారు. ఆ తేదీ తర్వాత కట్టుకున్నవాళ్ళు మినహాయింపు అడగడం, వాదనలు సాగడం ఇప్పటికీ ఉంది.

తీరం విషయంలో మెకాల్ చేసిందంతా మెచ్చుకోదగ్గది కాదు. నెస్టక్కా ఇసుక తిప్ప మీదుగా 101 నంబరు హైవే వేయాలని రాష్ట్ర హైవే శాఖ పట్టుబడితే మొదట ఆయన శాఖ వైపే నిలిచాడు. కాదని ఎదురుతిరిగింది ఎన్నికల్లో ఆయన చేతిలో ఓడిన డెమోక్రాట్, రాష్ట్ర కోశాధికారి బాబ్ స్ట్రాబ్. విల్లామెట్ నది పొడుగునా హరితవనాలు ఉండాలన్న మాట 1966 ప్రచారంలో స్ట్రాబ్ ఎత్తుకుంటే, గెలిచాక మెకాల్ దాన్ని చట్టం చేశాడు. ప్రత్యర్థి మంచి ఆలోచనను గెలిచినవాడు అమలు చేయడం అరుదు కనుక ఇద్దరికీ ఆ ఘనత చెందాలి.

నదికి ఊపిరి

విల్లామెట్ ప్రధాన పాయ పొడవు 187 మైళ్ళు. రాష్ట్ర జనాభాలో పదింట ఏడొంతుల మంది ఆ లోయలోనే ఉంటారు. 20వ శతాబ్దం మొదటి సగంలో పట్టణాల మురుగు శుద్ధి లేకుండా నదిలో కలిసేది. అంతకంటే పెద్ద భారం కాగితపు మిల్లులది. సల్ఫైట్ పద్ధతిలో కర్రను ఉడికించి గుజ్జు తీసుకున్నాక మిగిలే ద్రావణంలో కర్రలోని చక్కెరలు, లిగ్నిన్ కరిగి ఉంటాయి. నదిలోని సూక్ష్మజీవులకు ఆ చక్కెరలు విందు. అవి తినే కొద్దీ నీటిలో కరిగిన ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. ఎండాకాలం చివర మూడు ఇబ్బందులు ఒకేసారి వచ్చిపడేవి. ప్రవాహం సన్నగిల్లేది. వేడెక్కిన నీరు ఆక్సిజన్‌ను తక్కువగా పట్టి ఉంచేది. రాష్ట్రంలో పెద్ద నగరమైన పోర్ట్‌లాండ్ ఓడరేవు దగ్గర నది లోతై, నిదానించి, గాలి కలిసే అవకాశం పోయేది. అక్కడ ఆక్సిజన్ దాదాపు సున్నాకు పడిన వేసవులు ఉన్నాయి. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి పైకి వచ్చే చినూక్ సాల్మన్ చేపకు ఆ నీరు అడ్డుగోడే.

1938లోనే ఓటర్లు పట్టుబట్టి రాష్ట్ర శానిటరీ అథారిటీని పెట్టించుకున్నారు. అధికారం ఉంది గాని అడుగు నెమ్మది. పట్టణాలు మొదటి దశ శుద్ధితో, అంటే మడ్డిని అడుక్కి దిగనిచ్చి తీసేయడంతో సరిపెట్టుకున్నాయి. కరిగి ఉన్న సేంద్రియ పదార్థం అలాగే నదిలోకి పోయేది. మెకాల్ 1962లో పోర్ట్‌లాండ్ టీవీ ఛానల్‌కు రాష్ట్ర కాలుష్యం మీద డాక్యుమెంటరీ చేసి ఈ సంగతి ఇళ్ళల్లోకి తీసుకెళ్ళాడు. గవర్నర్ అయిన కొత్తలో అథారిటీ ఛైర్మన్ చనిపోతే, మరొకరిని వెతక్కుండా కొంతకాలం తానే ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందని అడగవలసిన పని మిల్లులకు లేకుండా పోయింది.

అసలు పని చేసింది 1967లో వచ్చిన పర్మిట్ పద్ధతి. నదిలోకి ఏది వదలాలన్నా పర్మిట్ కావాలి, ఎంత వదలవచ్చో అందులో రాసి ఉంటుంది. పట్టణాలన్నీ రెండో దశ శుద్ధికి మారాయి. అంటే నది చేసే పనిని తొట్టెలో చేయించడం. గాలి ఊది సూక్ష్మజీవులను పెంచి, మురుగును అక్కడే తినిపించి, ఆ తర్వాత నీటిని వదలడం. మిల్లులు వంట రసాయనాలను తిరిగి రాబట్టే ఏర్పాట్లు, శుద్ధి చెరువులు పెట్టుకున్నాయి. 1969లో శానిటరీ అథారిటీ స్థానంలో పర్యావరణ నాణ్యతా శాఖ వచ్చింది. కొన్నేళ్ళలో ఓడరేవు దగ్గర ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాముల ప్రమాణాన్ని వేసవిలోనూ దాటింది, శరత్కాలపు చినూక్ మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.

ఇక్కడ పొగడ్తల్లో తరచూ జారిపోయే సంగతి ఒకటుంది. సగం ఘనత శుద్ధిదైతే మిగతాది ఆనకట్టలది. అమెరికా సైన్యపు ఇంజినీర్లు ఆ లోయలో వరదల కోసం కట్టిన 13 ఆనకట్టల నుంచి వేసవిలో నీళ్ళు వదలడంతో అడుగంటే నదిలో ప్రవాహం నిలిచింది. 1970లలో అమెరికా భూగర్భ సర్వే నిపుణులు లెక్కకట్టి ఇదే చెప్పారు. శుద్ధి ఒక్కటే అయితే ప్రమాణం అందేది కాదు, అదనపు నీళ్ళు ఒక్కటే అయినా అందేది కాదు. అదే ఆనకట్టలు మరోవైపు కొండవాగుల్లో గుడ్లు పెట్టే వసంతకాలపు చినూక్‌కు, చలికాలపు స్టీల్‌హెడ్ చేపకు దారి మూశాయి. 1999లో ఆ రెండూ ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కాయి.

ఇంకో పరిమితి కూడా ఉంది. ఆక్సిజన్ గీత ఆక్సిజన్‌నే కొలుస్తుంది. ఓడరేవు అడుగు మట్టిలో పేరుకున్న పీసీబీలు, డీడీటీ లాంటి విష రసాయనాలు ఆ మీటరు మీద కనిపించవు. 2000 డిసెంబరులో పోర్ట్‌లాండ్ ఓడరేవు భాగాన్ని ఫెడరల్ ప్రభుత్వం అత్యంత కలుషిత స్థలాల జాబితాలో చేర్చింది. వాన పడితే మురుగు, వరద నీరు కలిసి నదిలోకి పొంగే సమస్యకు పోర్ట్‌లాండ్ నగరం 2011లో భారీ సొరంగాలు పూర్తిచేసేదాకా విరుగుడు లేదు. దానికి ఖర్చు 140 కోట్ల డాలర్లు.

ఐదు సెంట్లు

కిరాణా కొట్లో కూల్‌డ్రింక్ సీసాకు అడ్వాన్స్ కట్టి, ఖాళీ సీసా ఇచ్చి వెనక్కి తీసుకోవడం తెలుగు ఊళ్ళలో పెరిగినవాళ్ళకు తెలిసిన పద్ధతే. అమెరికాలోనూ అదే ఉండేది. వాడి పారేసే సీసా, డబ్బా వచ్చాక కంపెనీలు దాన్ని వదిలేశాయి. రోడ్ల పక్కన సీసా పెంకులు, డబ్బా మూత రింగులు పేరుకున్నాయి. 1969లో బిల్లు వీగిపోయింది. 1971లో మెకాల్ అండతో నెగ్గింది, 1972 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికాలో ఇలాంటి మొదటి రాష్ట్ర చట్టం ఇదే.

బీరు, సోడా పానీయాల ప్రతి సీసాకు, డబ్బాకు 5 సెంట్ల డిపాజిట్. ఏ కంపెనీ అయినా మళ్ళీ నింపుకోగల ఒకే నమూనా సీసాకైతే 2 సెంట్లే. ఊడి వచ్చే రింగు మూతలున్న డబ్బాలు నిషేధం. డిపాజిట్‌ను పంపిణీదారు దుకాణదారు దగ్గర, దుకాణదారు కొనేవాడి దగ్గర తీసుకుంటారు. ఖాళీ సీసా వెనక్కి వచ్చే దారిలో అదే డబ్బు అదే వరసలో వెనక్కి నడుస్తుంది. సర్కారు ఖజానా ఇందులో లేదు, కొత్త శాఖ లేదు. రోడ్డు పక్కన పడ్డ సీసాను ఏరేవాడికి కూలీ అందులోనే ఉంది. డబ్బా తయారీ కంపెనీలు కోర్టుకెక్కితే 1973లో అప్పీళ్ళ కోర్టు చట్టాన్ని సమర్థించింది. రోడ్డు పక్కన చెత్తలో పానీయాల సీసాలు, డబ్బాల వాటా 1971లో 40 శాతం ఉంటే 1973కి 11 శాతం లోపుకు, 1979కి 6 శాతానికి దిగింది.

మరి అరిగింది ఎక్కడ? అంకెను చట్టంలో రాసి అలాగే వదిలేశారు. ధరలు పెరిగాయి, 5 సెంట్లు 5 సెంట్లుగానే ఉన్నాయి. 1971 నాటి 5 సెంట్ల విలువ 2017 ధరల్లో సుమారు 30 సెంట్లు. అంత తక్కువ డబ్బు కోసం సంచి మోసుకుని దుకాణం దాకా పోయేవాళ్ళు తగ్గారు. 2015 నాటికి వెనక్కి వచ్చే సీసాలు 65 శాతం లోపుకు పడ్డాయి. 2011లో శాసనసభ ఒక మంచి మెలిక పెట్టి ఉంచింది. వరసగా రెండేళ్ళు వాపసు 80 శాతం లోపుకు పడితే డిపాజిట్ దానంతటదే 10 సెంట్లు అవుతుంది, మళ్ళీ ఓటింగు అక్కర్లేదు. 2017 ఏప్రిల్ 1న అలాగే పెరిగింది, తర్వాతి ఏళ్ళలో వాపసు 80 శాతం దాటింది. 1971లోనే ధరల సూచీకి ముడిపెట్టి ఉంటే ఇంత దూరం రావలసిన పని లేదు. నీళ్ళ సీసాలను చేర్చడం కూడా 2009 దాకా ఆగింది. 1971లో నీళ్ళు కొనుక్కు తాగుతారని ఎవరూ ఊహించలేదు కాబట్టి చట్టంలో పానీయాల పేర్లు పెట్టి జాబితా రాశారు. పాత్రను బట్టి రాసి ఉంటే ఆ ఆలస్యం తప్పేది. మరో ఇబ్బంది కొలంబియా నది అవతల ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో డిపాజిట్ లేదు కనుక అక్కడ కొన్న డబ్బాలు ఇక్కడ తెచ్చి డబ్బు అడిగేవాళ్ళను ఆపడం దుకాణదారులకు తలనొప్పి.

ఊరి పొలిమేర

నాలుగింటిలో బరువైనది, గొడవలు ఎక్కువ చూసింది ఇదే.

1969లో సెనేట్ బిల్లు 10 వచ్చింది. ప్రతి నగరం, ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) తన భూమికి వినియోగ ప్రణాళిక, జోనింగ్ (ఎక్కడ ఏం కట్టవచ్చో తేల్చే విభజన) చేసుకోవాలి, చేయకపోతే గవర్నరే చేస్తాడు అన్నది దాని సారం. ఇది బ్రహ్మాస్త్రం లాంటి అధికారం. వాడితే రాజకీయంగా మునగాలి, వాడకపోతే ఎవరూ భయపడరు. పైగా కౌంటీలకు డబ్బు ఇవ్వలేదు, ప్రణాళిక బాగుందో లేదో తేల్చే కొలబద్దా ఇవ్వలేదు. చాలా చోట్ల కాగితం మీద పని పూర్తయింది, నేల మీద లేఅవుట్లు పడుతూనే ఉన్నాయి. 1971లో టీవీలో మెకాల్ అన్న మాట దేశమంతా పాకింది: మా రాష్ట్రానికి మళ్ళీ మళ్ళీ రండి, చూసిపొండి, కానీ దయచేసి ఉండిపోవడానికి మాత్రం రాకండి. మాట అతికింది గాని దానితో ఒక్క ఎకరం కూడా మిగలలేదు.

ఎకరాలు మిగిల్చింది 1973 మే 29న సంతకమైన సెనేట్ బిల్లు 100. దాన్ని కదిలించింది హెక్టర్ మెక్‌ఫర్సన్ అనే రిపబ్లికన్ సెనేటర్, స్వయంగా పాడి రైతు. పొలం పక్కన ఇళ్ళు లేస్తే పేడ వాసన మీద ఫిర్యాదులు, కాలువల మీద తగాదాలు, పెరిగిన భూమి విలువ మీద పన్ను, చివరికి పొలం అమ్మకం అన్న వరస ఆయనకు తెలుసు. పోర్ట్‌లాండ్ డెమోక్రాట్ టెడ్ హాలక్ సభలో నడిపించాడు. కార్మిక నాయకుడు ఎల్.బి. డే కూర్చుని రాజీ కుదిర్చాడు. రాజీలో భాగంగా రాష్ట్రమే నేరుగా జోనింగ్ చేసే నిబంధనలు పోయాయి. లక్ష్యాలు రాష్ట్రం రాస్తుంది, ప్రణాళిక కౌంటీ, నగరం రాసుకుంటాయి, అది లక్ష్యాలకు తగ్గట్టుందో లేదో రాష్ట్ర కమిషన్ చూసి ముద్ర వేస్తుంది. ఓట్ల లెక్క చూస్తే తర్వాతి గొడవలన్నీ అక్కడే కనిపిస్తాయి. విల్లామెట్ లోయ నుంచి వచ్చిన 60 మంది సభ్యుల్లో 49 మంది సరేనన్నారు. లోయ బయటి 30 మందిలో 9 మందే.

ఊరూరా తిరిగి పెట్టిన సభల తర్వాత మొదలైన లక్ష్యాల జాబితా 1976 చివరికి 19 అయింది. మూడో లక్ష్యం సాగుభూమిది. నేల తరగతులను బట్టి గీత గీశారు. రాష్ట్రం పడమటి భాగంలో ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు, తూర్పున ఆరో తరగతి వరకు నేలలు వ్యవసాయానికే. అక్కడ పన్ను భూమి అమ్మకపు ధర మీద కాక సాగు విలువ మీద పడుతుంది. భూమిని కట్టేసి, పన్ను మాత్రం ప్లాటు ధరకు వేస్తే రైతు బతకడు కనుక ఈ రెండూ కలిసే నడవాలి. 1993లో కొత్తగా ముక్కలు చేయడానికి కనీస పరిమాణం కూడా చట్టంలో పెట్టారు: సాగుభూమికి 80 ఎకరాలు, గడ్డిభూమికి 160. ఆ తర్వాత మేలైన నేలలో రైతు ఇల్లు కట్టుకోవాలంటే ఆ పొలం మీద ఏడాదికి 80,000 డాలర్ల రాబడి చూపాలన్న నియమం వచ్చింది. ఫామ్‌హౌస్ పేరుతో విల్లా లేవకుండా అది అడ్డం.

పద్నాలుగో లక్ష్యం నగర విస్తరణ హద్దు. రాబోయే 20 ఏళ్ళకు జనాభా అంచనా వేస్తారు. ఎన్ని ఇళ్ళు, ఎంత పరిశ్రమ భూమి కావాలో తేలుస్తారు. హద్దు లోపల ఇప్పటికే ఉన్న ఖాళీని, పెంచగల అంతస్తులను ఆ లెక్కలోంచి తీసేస్తారు. ఇంకా లోటుంటేనే హద్దు జరుపుతారు. జరిపేటప్పుడు ముందు పనికిరాని నేల, చివరికే మంచి నేల. పోర్ట్‌లాండ్ మహానగర హద్దు 1979లో పడింది. 1986కల్లా రాష్ట్రంలోని 36 కౌంటీలు, అన్ని నగరాల ప్రణాళికలకూ కమిషన్ ముద్ర పడింది.

ఇందులో లోపాలూ ఉన్నాయి. హద్దు జరిపినంత మాత్రాన ఊరు లేవదు. 2002లో పోర్ట్‌లాండ్ మహానగర మండలి 18,000 ఎకరాలకు పైగా హద్దులోకి తెచ్చింది. ఎక్కువ భాగం డమాస్కస్ చుట్టూ కొండనేల. నీటి పైపులకు, మురుగు కాలువలకు, రోడ్లకు డబ్బెవరిదో తేలలేదు. పుట్టిన కొత్త నగరం ప్రణాళికే ఒప్పుకోలేక 2016లో తనను తానే రద్దు చేసుకోవడానికి ఓటేసింది. హద్దు లోపల ఒక స్థలానికి ఒక ఇల్లే కట్టాలన్న పాత జోనింగ్‌ను అలాగే ఉంచడం ఇంకా పెద్ద తప్పు. బయట కట్టనివ్వక, లోపల పైకి లేవనివ్వకపోతే ఇంటి ధర పెరగక ఏమవుతుంది? 2019లో గాని 10,000 జనాభా దాటిన నగరాల్లో ప్రతి నివాస స్థలంలోనూ రెండు కుటుంబాల ఇల్లు కట్టుకోవచ్చన్న చట్టం రాలేదు. 46 ఏళ్ళు ఆలస్యం.

ఈ చట్టాన్ని తుడిచేయాలని 1970లు, 80లలో పలుమార్లు ప్రజా ఓటింగ్ జరిగింది. 1982లో క్యాన్సర్ ముదిరిన మెకాల్ దాన్ని కాపాడమని తిరిగి ప్రచారం చేశాడు. నవంబరులో ఓటర్లు చట్టాన్ని నిలబెట్టారు. 1983 జనవరి 8న ఆయన పోయాడు. అంతకు ముందు, 1978లో, మళ్ళీ గవర్నర్ పదవికి పోటీపడితే సొంత పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రైమరీ ఎన్నికలోనే ఓడిపోయాడు. వ్యక్తిని కాదన్న రాష్ట్రమే ఆయన గీసిన గీతను ఉంచుకుంది. 2004లో మాత్రం ఓటర్లు చట్టానికి ఎదురు మొగ్గారు. నిబంధనల వల్ల భూమి విలువ తగ్గితే పరిహారం ఇవ్వాలి, లేదా నిబంధన ఎత్తేయాలి అని 61 శాతం మంది ఒప్పుకున్నారు. వేల దరఖాస్తులు వచ్చాయి, పరిహారానికి డబ్బు లేక నిబంధనలే ఎత్తేయవలసి వచ్చింది. పక్క పొలంలో లేఅవుట్ పడబోతోందని చూశాక 2007లో అదే జనం 62 శాతంతో ఆ వెసులుబాటును కొన్ని ఇళ్ళకే కుదించారు.

పోర్ట్‌లాండ్‌కు పడమర హిల్స్‌బరోలో చిప్ కర్మాగారాల చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. రోడ్డుకు ఒక పక్క అపార్ట్‌మెంట్లు, మరో పక్క పొలాలు ఉన్నట్టుండి మొదలయ్యే చోట్లు వాళ్ళు రోజూ చూస్తారు. ఆ రోడ్డే హద్దు. 2023లో చిప్ పరిశ్రమకు భూమి కావాలని, హద్దును నేరుగా జరిపే అధికారం శాసనసభ కొద్దికాలానికి గవర్నర్‌కు ఇచ్చింది. గవర్నర్ టీనా కోటెక్ హిల్స్‌బరో ఉత్తరాన 373 ఎకరాలను ఎంచి బహిరంగ విచారణ పెట్టారు. అక్కడి రైతులు మంచి నేల పోతుందని అడ్డుపడ్డారు, వ్యాపార సంఘాలు ఉద్యోగాలు పోతాయన్నాయి. అక్కడికి వస్తుందని ఆశించిన ఫెడరల్ చిప్ పరిశోధనా కేంద్రం వేరే రాష్ట్రాలకు పోవడంతో 2024 చివర్లో కోటెక్ ఆ అధికారాన్ని వాడకుండా వదిలేశారు. ఆ 373 ఎకరాలు హద్దు అవతలే ఉండిపోయాయి.